వారంటీ పోతాదమ్మా

ఆ ఇంజినీరు పిల్ల ల్యాప్‌టాప్ మిషన్ను అద్దాల తలుపు వెనక్కి తీసుకుపోయి పావుగంట అయివుంటుంది. గడియారం ఎదురుగానే ఉన్నా భారతమ్మ దానివైపు చూడడం లేదు. చెప్పాల్సింది మాత్రం చెప్పేసింది. అదొక్కటి తేలికగా ఉంది, తడిసిన కోక పిండి తీగ మీద వేశాక చేతులకు ఉండే తేలిక. పొద్దున ఇంట్లో బయల్దేరినప్పటి నుంచి, పులివెందులలో బస్సెక్కినప్పటి నుంచి, ముద్దనూరు, ఎర్రగుంట్ల, పెన్నమీద వంతెన దాటి ప్రొద్దుటూరులో దిగేదాకా ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి అని నమిలి నమిలి మాట పిప్పి అయిపోయింది. తీరా సర్వీసు సెంటర్లో కౌంటరాయన తలెత్తకుండా కంప్యూటరులో ఏదో కొట్టుకుంటూ, "బయటోళ్ళెవురన్నా ఇప్పినారా పెద్దమ్మా దీన్ని?" అని అడిగితే, నమిలిందంతా పక్కకు పోయి ఉన్నదున్నట్టు వచ్చేసింది. "ఇప్పినారప్పా. పులివెందులలో లాల్ బాషా ఇప్పినాడు. ఇప్పించింది నేనే. మెమరీ ముక్క ఇంకోటి ఏయించినా." ఇంత వివరంగా ఎవరూ చెప్పరేమో, ఆయన అప్పుడు తలెత్తాడు. "అట్లయితే వారంటీ కిందికి వస్తాదో రాదో చెప్పలేను. ఇంజినీరమ్మ చూడాల." చూడమను నాయనా అంది. ఏం రాసుకున్నావో నాకు చదివి చెప్పు అని కూడా అంది. ఆయన చిత్రంగా చూసి, ఇంగ్లీషులో కొట్టిందంతా తెలుగులో చెప్పాడు, అప్పుడు కింద సంతకం పెట్టింది. భా గుండ్రంగా వచ్చింది. ర కొంచెం వంకర పోయింది. చల్లటి గాలి మిషన్ కింద నిలబెట్టి సంతకం పెట్టమంటే ఎవరికైనా వంకర పోతుంది.

ఈ చలి ఏందో, బయట ఎండ పెనం మాదిరి కాలుతుంటే ఇక్కడ కొంగు కప్పుకోవలసి వస్తోంది. గోడమీద పెద్ద బొమ్మలో ఒక అమ్మాయి ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని నవ్వుతోంది. కోడలు మాధవి ఎప్పుడూ అట్లా నవ్వలేదు దాని ముందు కూర్చుని. నుదురు ముడిచి, కింది పెదవి పంటికింద పెట్టుకుని, బెంగళూరు కంపెనీ పంపించే ఆసుపత్రి కాగితాలు ఒక్కొక్కటీ చూసి టైపు చేసేది. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం, కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా చేసింది. సోమవారం నుంచి మళ్ళీ చేయాలి, కానుపు సెలవు అయిపోయింది. ఇవాళ శుక్రవారం. నిన్న సాయంత్రం చూసుకుందామని తెరిస్తే తెర నల్లగా ఉండి మధ్యలో ఆకుపచ్చ గీతలు, మీట నొక్కితే లోపల గాలి తిరుగుతున్న చప్పుడు వస్తుంది, ముఖం మాత్రం లేదు. కంపెనీ వాళ్ళు ఫోన్లో ఒకటే మాట అన్నారంట, మిషన్ లేకపోతే బెంగళూరు ఆఫీసుకొచ్చి చేయండి అని. మాధవి ఏడవకుండా చెప్పింది, అదే భయం. "పోవాల్సొస్తే పోతానత్తా. పాపను జమ్మలమడుగులో మా అమ్మ దగ్గర పెడతా. నీకు మోకాళ్ళ నొప్పులు, ఆయనకు షిఫ్టులు. ఒక్కదానివి ఏం చేస్తావు?" ఆయన అంటే హర్ష, భారతమ్మ కొడుకు, తుమ్మలపల్లె గనిలో పని. ఐదు నెలల పాప. ఇప్పుడిప్పుడే బోర్లా పడి, తల ఎత్తి, ఏదో ఘనకార్యం చేసినట్టు చుట్టూ చూస్తోంది. ఆ తల ఎత్తడం ఇక జమ్మలమడుగులో చూస్తారన్నమాట. ఇక్కడ ఖాళీ ఉయ్యాల గుడ్డ.

అంతా ఆ మెమరీ ముక్కవల్లేనేమో. ఎంత ముక్క అది, చూపుడువేలంత, పచ్చటి బిళ్ళ, అంచున దువ్వెన పళ్ళలాగా బంగారు రంగు గీతలు. మాధవి కానుపుకు పుట్టింటికి పోయినప్పుడు తనకు తోచిన మంచి అది. పిల్ల ఎన్నిసార్లు విసుక్కునేది, తెరమీద ఆ సున్నా తిరుగుతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తిరగలి దగ్గర పిండి పడని దానిలాగా చూసేది. మెమరీ తక్కువత్తా, ఇంకొంచెం ఏయిస్తే ఉరుకుతాది అనేది. సరే ఉరికిద్దాం, పాపనెత్తుకుని వచ్చేసరికి ఉరికే మిషన్ ఉండాలి అనుకుంది. పులివెందులలో మసీదు సందులో లాల్ బాషా దుకాణం, సెల్‌ఫోన్లు, టీవీ రిమోట్లు, మిక్సీలు, అన్నీ ఒకే బల్లమీద కడుపులు చీల్చి ఉంటాయి. మంచోడు. మాట ఎక్కువ. మిషన్ను బోర్లించి, వెనక మూలన మరమేకు మీద కందిబద్దంత తెల్ల కాగితం అంటించి ఉంటే గోటితో చూపించాడు. "ఇది సించితేనే లోపలికి పోయేది. సించితే వారంటీ పోతాదమ్మా, చెప్తాండా మళ్ళ." ఆ మాట వినంగానే తనకు ఏమనిపించిందో తలచుకుంటే ఇప్పుడు కూడా, ఇంత చలిలో, చెవులు వేడెక్కుతున్నాయి. "పోతే పోనీలేప్పా," అంది, "పోతే మంచిదే గదా, సించు!" లాల్ బాషా, "నీ మాదిరి గుండె ధైర్యం ఈ పులివెందులలో ఎవురికీ లేదు పెద్దమ్మా," అని గోటితో పరక్కున లాగేశాడు.

ధైర్యమా పాడా. ఆమె చెవికి వారంటీ కాదు పడింది, వారంటు. ఈ ప్రాంతంలో పుట్టి, ఈ ప్రాంతంలో కాపురం చేసిన ఆడదానికి వారంటు అంటే ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. చదువు రాకముందు నుంచీ తెలిసిన ఇంగ్లీషు మాటలు కొన్ని ఉన్నాయి, బస్సు, డాక్టరు, వకీలు గుమాస్తా నోట వాయిదా పక్కన వచ్చే వారంటు. హర్షకు మూడేళ్ళప్పుడు జమ్మలమడుగు దగ్గర ఎలక్షన్ల గొడవ జరిగితే పద్నాలుగు పేర్లు రాశారు, పదమూడో పేరు తన మొగుడు ఆదినారాయణది. ఆ పొద్దు ఆయన ఇంట్లో జ్వరంతో మంచం మీద ఉన్నాడు, నుదుటి మీద తడిగుడ్డ తనే మార్చింది. అయినా వారంటు వచ్చింది. రెండేళ్ళు ఆయన తన ఇంటికి తానే దొంగలాగా వచ్చాడు. శనగ చేలలో పండుకున్నాడు, బంధువుల గొడ్ల సావిట్లో పండుకున్నాడు, గండి క్షేత్రం అవతల ఎవరి తోటలోనో కాపలా మనిషినని చెప్పుకుని ఒక ఎండాకాలమంతా ఉన్నాడు. జీపు చప్పుడు వింటే హర్ష అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే మింగకుండా కూర్చునేవాడు. తర్వాత ఒక పట్టపగలు, మధ్యాహ్నం, ఆమె ఎండు మిరపకాయలు తొడిమలు తీస్తుంటే, వీధి తలుపు గుండా, దొడ్డి గుండా కాదు, వీధి తలుపు గుండా చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి, "భారతీ, వారంటు పోయింది!" అన్నాడు. కోర్టులో పిటిషను వేసి తీయించారంట. కారం చేతులతోనే మొహం తుడుచుకుని కళ్ళు మండి ఏడ్చింది, మంటకేనని ఆయన, కాదని ఆమె, ఇద్దరూ నవ్వుకున్నారు. బతుకులో తాను విన్న మంచి మాటల్లో అదొకటి. అటువంటి మాట లాల్ బాషా బల్లమీద ఊరికే పడితే ఎవరు వద్దంటారు? కొత్త మిషన్‌కు కూడా ఏదో ఒక వారంటు ఉంటుంది కాబోలు, పోతే పీడ పోతుంది, అంతే అనుకుంది.

నిన్న మాధవి బిల్లు వెతికి పట్టుకుని, "పదకొండు నెలలేనత్తా, ఇంకా వారంటీ ఉంది, దేవుడి దయ," అంటే భారతమ్మకు అర్థం కాలేదు. వారంటు ఉండడం దేవుడి దయ ఎట్లా అవుతుంది? అదేందమ్మా అది అని అడిగింది. మాధవి పాపను భుజానేసుకుని జోకొడుతూ చెప్పింది, కొన్నప్పుడు కంపెనీవాడు పూచీ పడతాడత్తా, ఏడాదిలోపల చెడిపోతే వాళ్ళే బాగుచేస్తారు, బయటోళ్ళు ఇప్పి చెడగొడితే మాత్రం వాళ్ళకు సంబంధం లేదంటారు. పూచీ. ఆ మాట తెలుసు. పూచీ పడ్డవాడు మనకోసం నిలబడేవాడు. నిలబడేవాణ్ణి తాను పోతే పోనీ అని చేత్తో విదిలించి పంపిందా! మాధవికి కూడా అప్పుడే తట్టినట్టుంది, జోకొట్టే చెయ్యి ఆగింది. "మెమరీ ఏసేటప్పుడు లాల్ బాషా దీని గురించి ఏమన్నా చెప్పినాడా?" భారతమ్మ నోట వచ్చింది, "ఏం చెప్పలేదే." ఎందుకట్లా వచ్చిందో. అరవై దగ్గర పడుతున్న మనిషి, పాలుతాగే పాప ముందర. పిల్ల నమ్మింది. నమ్మి, పాపం, లాల్ బాషాను తిట్టుకుంది.

లోపల ఏదో కింద పడిన చప్పుడు. చిన్నదే, మర అయివుంటుంది. అద్దంలోంచి ఆ పిల్ల వీపు మాత్రం కనిపిస్తోంది, షహనాజ్ అని మెడలో కార్డు, తలకు కట్టిన గుడ్డ లేత నీలం, వంగి ఏదో చూస్తోంది. చూడనీ. అన్నీ చూడనీ. పొద్దున ఇంకో దారి ఉండింది, దానిమీద ఒక కాలు పెట్టింది కూడా. బస్టాండుకు పోతూ లాల్ బాషా దగ్గర ఆగితే అతను విషయమంతా విని తల కొట్టుకుని నవ్వి, తర్వాత గొంతు తగ్గించాడు. "దానికెందుకు దిగులు పడతాండావు? నేనేసిన ముక్క పీకేస్తా, పాతది ఎట్లుందో అట్ల. ఆ సీలు మాదిరివి నా కాడ డబ్బా నిండా ఉండాయి, ఒకటి అతికిస్తా. ఎవురన్నా ఇప్పినారా అంటే, ఇప్పలేదు అను. ఒక్క మాట!" అతను డబ్బా తీశాడు కూడా, అందులో కందిబద్దల్లాంటి తెల్ల కాగితాలు ఒకదానిమీద ఒకటి. తాను సంచి జిప్పు సగం లాగింది. ఒక్క మాట. జమ్మలమడుగు కోర్టులో కూడా ఒక్క మాటే. వకీలు గుమాస్తా ఏదో కాగితం రాసి ఇక్కడ వేలిముద్ర వెయ్యి అక్కా అంటే వేసింది, ఏముందో తెలీదు. బోనులో నిలబడి నా మొగుడు ఆ పొద్దు జ్వరంతో ఇంట్లో ఉన్నాడు సామీ అని ఉన్నమాట చెప్పింది. ఎదుటి వకీలు ఆ కాగితం తీసి చదివాడు, ఆ పొద్దు ఆదినారాయణ గండి ఆంజనేయస్వామి దర్శనానికి పోయినాడని నువ్వే రాసిచ్చినావు గదమ్మా, ఏది నిజం, జ్వరమా, దర్శనమా? కోర్టంతా నవ్వింది. గుమాస్తా గుడి అయితే సాక్ష్యం గట్టిగా ఉంటుందని రాశాడంట. ఉన్న నిజం అబద్ధమై కూర్చుంది. కేసు తర్వాత రాజీ అయింది, ఆదినారాయణ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, ఎనిమిదేళ్ళ కింద గుండెనొప్పితో పోయేదాకా ఎత్తలేదు, కానీ ఆ నవ్వు మాత్రం ఆమె చెవిలో ఉండిపోయింది. జిప్పు మళ్ళీ వేసేసింది. "వద్దులే బాషా. నాకు అబద్ధం అతకదు." అతను డబ్బా మూస్తూ, "నీ ఇష్టం పెద్దమ్మా. వాళ్ళు కాదంటే ఈడికే తీసుకురా, తెర పోయినా నేను ఏదో ఒకటి చేస్తా," అన్నాడు. మాట ఎక్కువే కానీ మంచోడు.

అక్షరాలు నేర్పింది మాధవే, ఈ తెరమీదే. పలక కొనబోతే వద్దత్తా అని, తెరంతా నిండేట్టు ఒక్క అక్షరం పెట్టేది, జొన్నరొట్టె అంత అ, జొన్నరొట్టె అంత ఆ. కళ్ళజోడు లేకుండా కనపడేది. సాయంత్రం పని అయ్యాక అరగంట. ఋ దగ్గర ఇద్దరూ నవ్వేవాళ్ళు, ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో తెలియక ఆమె వేలు తెరమీద జిలేబీ చుట్టేది. మొదట తనంతట తాను చదివింది బస్సు నొసట ఉన్న ప్రొద్దుటూరు. రెండు దలు ఒకదాని కింద ఒకటి ఉంటే తడబడి, ఒత్తు అని గుర్తొచ్చి, పెద్దగా చదివేసరికి బస్సులో సీటు దొరికినంత సంతోషం. కండక్టరు, "మాకు తెలుసులే అవ్వా, ఎక్కు," అన్నాడు. ఆ తెరే ఇప్పుడు నల్లబడింది. పాపకు కూడా దీనిమీదే నేర్పాలని మనసులో ఉంది, ఎవరికీ చెప్పలేదు, ఐదు నెలల పిల్లకు ఇప్పుడే చదువేందని నవ్వుతారు.

"భారతమ్మా!"

లేచేసరికి మోకాలు పట్టేసింది. షహనాజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉంది, లోపలికి రా పెద్దమ్మా, చూద్దువుగాని అంది. బల్లమీద మిషన్ వెనకటి మూత ఊడదీసి ఉంది, అన్ని తీగలూ, అన్ని బిళ్ళలూ, పచ్చటి ముక్క పక్కన ఒక గుడ్డమీద విడిగా. ఇంకో పెద్ద తెర దానికి తగిలించి ఉంది, ఆ పెద్ద తెరమీద, అయ్యో తల్లీ, మాధవి పెట్టుకున్న పాప ఫోటో, బోసినోరు తెరిచి. అంటే లోపల ఉన్నదంతా ఉంది! షహనాజ్ చెప్పుకుపోతోంది, ఇదిగో పెద్దమ్మా, నువ్వు ఏయించిన ముక్క తీసి చూసినా, అయినా తెర నల్లగానే ఉంది. మళ్ళీ పెట్టి చూసినా, అట్లే ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు. మూసి తెరిచి, మూసి తెరిచి, ఇక్కడ మడత దగ్గర తీగ నలిగింది. ఈ తీగ కంపెనీది. మేమే మారుస్తాం. భారతమ్మకు మాటలు ఒకదాని వెనక ఒకటి అందుతున్నాయి కానీ కూర్చుకోవడానికి టైము పట్టింది.

"మరి ఆ సీలు సించినాము గదమ్మా? వారంటీ పోలేదా?"

"యాడికి పోతాది? సీలు సినిగితే బాగా చూడమని మాకు చెప్పినారు, తోసేయమని కాదు. నువ్వేయించిన ముక్కకు మా పూచీ లేదు. దానివల్ల ఏమన్నా కాలిపోయింటే అదీ మా మీద లేదు. మిగతాది మాదే. మా కంపెనీ తీరు ఇది, అందరూ ఇట్లే ఉండరు. ఇంకోసారి ఇప్పించేముందు ఒక్క ఫోన్ కొట్టి అడుగు." తర్వాత ఆ పిల్ల నవ్వింది. "నువ్వు ముందే చెప్పినావు కాబట్టి ఇంత తొందరగా తేలింది. దాచిపెడతారు పెద్దమ్మా, మరలమీద గీతలు చూస్తే మాకు తెలిసిపోతాది, అప్పుడు అనుమానంతో హైదరాబాదు పంపిస్తాం. పదిహేను రోజులు."

పదిహేను రోజులు! డబ్బాలోని ఒక్క తెల్ల కాగితం ఖరీదు. "ఇది ఏసినాయన కూడా శుభ్రంగానే ఏసినాడు," అంది షహనాజ్, పచ్చ ముక్కను మళ్ళీ దాని గూట్లో పెట్టి నొక్కుతూ. లాల్ బాషాకు ఈ మాట చెప్పాలి, వారం రోజులు దుకాణంలో వచ్చినోళ్ళకంతా చెప్పుకుంటాడు. కొత్త తీగ ఉందా అంటే ఉందంది, అరగంట కూర్చో అంది. అదే కుర్చీ. కానీ ఇందాక కుర్చీ అంచున కూర్చుందని ఇప్పుడు వెనక్కి ఆనుకున్నాక తెలిసింది, దీనికి వీపు ఉందే. చల్లగాలి కూడా హాయిగానే ఉంది, ప్రొద్దుటూరంతా ఎండలో మాడుతుంటే తనొక్కతే చెట్టు నీడన ఉన్నట్టు. బంగారు అంగళ్ళ వీధిలో ఆటోల మోత ఇక్కడిదాకా వినిపిస్తోంది, ఎవరో పెళ్ళి నగలకు వచ్చివుంటారు, రానీ, కొనుక్కోనీ, అందరూ బాగుండనీ. కౌంటరాయన ఎవరితోనో విసుక్కుంటున్నాడు, పాపం పొద్దుటినుంచి టీ తాగాడో లేదో. బెంగళూరు దూరం జరిగిపోయింది. పాప రేపు కూడా తన ముందే బోర్లా పడుతుంది. సోమవారం మాధవి పెదవి పంటికింద పెట్టుకుని కూర్చుంటుంది, తాను పాపను ఎత్తుకుని వసారాలో తిరుగుతుంది, మోకాళ్ళు నొప్పి పుడితే పుట్టనీ, వాటి పని అవి చేస్తాయి.

ఇంకొకటి మిగిలింది. ఫోన్ తీసి మాధవి పేరు మీద నొక్కింది.

"అత్తా, ఏమన్నారు?" మొదటి గంటకే ఎత్తింది, ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నట్టుంది.

"బాగైతాండాది. తీగంట. వాళ్ళే మారుస్తాండారు."

అవతల ఊపిరి ఒక్కసారిగా వదిలిన చప్పుడు. "వారంటీలోనేనా?"

"దాంట్లోనే. మాధవీ, ఇంకో మాటమ్మా. లాల్ బాషా నాకు చెప్పినాడు. సించితే పోతాదని చెప్పినాడు. నిన్న నీకు చెప్పలేదని అబద్ధమాడినా. వారంటు అనుకున్యాను మే. పోలీసోళ్ళ వారంటు. పోతే మంచిదే గదా అంటిని."

పిల్లకు కోపమొస్తుంది, రానీ, న్యాయమే అనుకుంది. ఫోన్లో గురక లాంటిది, దగ్గు లాంటిది, పిల్ల నవ్వును నోట్లో కొంగు కుక్కి ఆపుకుంటోందని తెలియడానికి కాసేపు పట్టింది. ఆగలేదు. పాప లేచి ఏడుపు అందుకుంది. "అత్తా, అత్తా, కంప్యూటరు మీద వారంటా! ఏం నేరం చేసిందది?" ఏడుస్తున్న పాప, నవ్వుతున్న తల్లి, రెండూ ఒకే చెవిలో. నవ్వు అణిగాక మాధవి ముక్కు ఎగబీల్చింది, నవ్వుకో ఏడుపుకో. "మా అమ్మ బట్టలు సర్దుకుని రేపు వస్తానంది, పాపను తీసుకుపోను. వద్దని ఇప్పుడే ఫోన్ చేస్తా. నువ్వు తిని బయల్దేరు."

అరగంటకు మిషన్ చేతికొచ్చింది. తెరిచి చూపించారు, తెరనిండా వెలుతురు. తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది, షహనాజ్ గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది, ఆ పిల్ల సిగ్గుపడింది. బయటికి రాగానే ఎండ ముఖం మీద కొట్టింది. రెండు మెట్లు దిగింది. సంచి ఒళ్ళో పెట్టుకుని మూడో మెట్టుమీద కూర్చుంది. కళ్ళవెంట నీళ్ళు వస్తున్నాయి, తుడుచుకుంటే మళ్ళీ వస్తున్నాయి, రానిచ్చింది. వాకిలి దగ్గరున్న వాచ్‌మన్ పరుగున వచ్చి వంగి చూశాడు.

"ఏమయింది పెద్దమ్మా? ఏమయింది?"

"ఏం కాలేదు నాయనా," అంది భారతమ్మ, అతని ముఖం చూసి నవ్వుతూ, ఇంకోసారి చెప్పుకుంటే బాగుండుననిపించి, "ఏమీ కాలేదు."